తెలుగు సినిమాలో వారసత్వం: కొడుకుల దారి, కూతుళ్ళ దారి – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు సినిమా రంగంలో 'వారసుడు' అన్న మాట నేడు నిత్యవ్యవహారంలో ఉంది. దాని వెనుక అనాదిగా వస్తున్న ఒకే ఆచారం ఉన్నట్టు కనిపిస్తుంది. చరిత్రను పరిశీలిస్తే ఆ ఒక్క మాట కింద వేర్వేరు పద్ధతులు దాగి ఉన్నాయని తెలుస్తుంది. సురభి వంటి నాటక కుటుంబాలలో వారసత్వం అంటే వృత్తి. తొలితరం నటీమణుల ఇళ్ళలో అది బతుకుతెరువు. 1980ల నుంచి అగ్రకథానాయకుల ఇళ్ళలో అది ఆస్తి. ప్రసిద్ధుల సంతానంగా పెరిగినవారు తెర మీదికి వచ్చిన తీరును, ఆ క్రమంలో కొడుకులకూ కూతుళ్ళకూ మధ్య ఏర్పడిన అంతరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వారసత్వం, బాలనటులు, సురభి, అభిమాన సంఘాలు, పంపిణీ వ్యవస్థ, నటీమణులు

1. ఉపోద్ఘాతం

సినిమా వారసత్వం గురించి జరిగే చర్చ సాధారణంగా రెండు వాదాల మధ్య ఊగిసలాడుతుంది. ప్రతిభ ఉన్నవారే నిలుస్తారు, ఇంటిపేరు తొలి చిత్రం వరకే పనికివస్తుందని ఒక వాదం. కొత్తవారికి తలుపులు మూసి, తమవారికే అవకాశాలు ఇచ్చుకుంటారని మరొక వాదం. రెండూ కొంతవరకు నిజాలే. అయితే రెండు వాదాలూ వారసత్వాన్ని మొదటినుంచీ ఉన్న స్థిరమైన వ్యవస్థగా భావిస్తాయి. అది ఎప్పుడు, ఏ అవసరాలనుంచి ఏర్పడిందన్న ప్రశ్న వాటిలో రాదు. వారసత్వమన్న మాటకు అర్థం దాదాపు ఎప్పుడూ కొడుకే కావడం కూడా అందుకే ఎవరికీ వింతగా తోచదు.

నిజానికి తెలుగు తెరను ఏలిన తొలి రెండు తరాల కథానాయకులకు సినిమా వంశం లేదు. నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావు సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వదులుకొని మద్రాసు చేరారు. అక్కినేని నాగేశ్వరరావు రామాపురంలోని వ్యవసాయ కుటుంబంలో పుట్టి, నాటకాలలో స్త్రీ వేషాలు కట్టి పేరు తెచ్చుకున్నారు. ఘట్టమనేని కృష్ణకు కథానాయకుడిగా అవకాశం వచ్చింది కొత్త ముఖాలతో ఆదుర్తి సుబ్బారావు తీసిన 'తేనెమనసులు' (1965) ద్వారా. చిరంజీవి మద్రాసులో నటశిక్షణ పొంది 1978లో 'ప్రాణం ఖరీదు'తో ప్రేక్షకుల ముందుకు వచ్చారు. నేడు ఒక్కొక్క వంశానికి మూలపురుషులుగా చెప్పుకొనేవారందరూ తమ కాలంలో బయటినుంచి వచ్చినవారే.

2. వృత్తిగా వారసత్వం: సురభి, రఘుపతి కుటుంబం

వంశం లేనివారు సినిమాలోకి రావడానికి ముందే వంశాలుగా బతికిన కళాకారులు తెలుగునేల మీద ఉన్నారు. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ' ప్రదర్శనతో ఆరంభించిన నాటకసమాజం క్రమంగా అనేక సమాజాలుగా విస్తరించింది. ఒక్కొక్క సమాజం ఒక్కొక్క కుటుంబం. తాత రాజుగా, మనుమడు లవుడిగా, కోడలు సీతగా కనిపించే రంగస్థలం అది. తెలుగు నాటకంలో పురుషులే ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభివారు స్త్రీ పాత్రలను స్త్రీలకే ఇవ్వగలిగారంటే, నాటకబృందమూ ఇల్లూ ఒక్కటే కావడం అందుకు ముఖ్యకారణం. అక్కడ పిల్లవాడు ఏదో ఒక రోజున రంగప్రవేశం చేసేవాడు కాదు. నడక రాకముందే చంకనెక్కి వేదిక మీదికి వచ్చేవాడు. తెర లాగడం, దీపాలు సర్దడం, పెట్టెలు మోయడం కూడా అతని చదువులో భాగమే. ఈ వ్యవస్థలో కూతురికీ కొడుకుకీ సమానంగా పని ఉంది. కీర్తి మాత్రం వ్యక్తికి గాక సమాజం పేరుకు చెందేది.

తెలుగు టాకీకి తొలి కథానాయిక ఈ ఇంటినుంచే వచ్చారు. రంగస్థలం మీదనే జన్మించారని ప్రతీతి పొందిన సురభి కమలాబాయి, హెచ్.ఎం.రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించారు. (ఈ చిత్రం విడుదల తేదీ 1931 సెప్టెంబరు 15 అని చాలాకాలం నమ్మారు. అది 1932 ఫిబ్రవరి 6 అని రెంటాల జయదేవ పరిశోధన సవరించింది.) రెండు దశాబ్దాల తర్వాత 'పాతాళభైరవి' (1951)లో తోటరాముడి తల్లిగా కనిపించింది కూడా కమలాబాయే. ఆ తోటరాముడు ఎన్.టి.రామారావు. నాటక వంశపు చివరి కొమ్మ ఒకటి, రాబోయే సినిమా వంశపు వేరుకు తెర మీద తల్లి అయిందన్నమాట.

మూకీల కాలంలో మరొక కుటుంబం కనిపిస్తుంది. మద్రాసులో ఛాయాచిత్రకారుడిగా స్థిరపడి, 1914లో గెయిటీ థియేటరును నిర్మించిన రఘుపతి వెంకయ్య తన కుమారుడు ప్రకాశ్‌ను సినిమా నిర్మాణం నేర్చుకోవడానికి విదేశాలకు పంపారు. తిరిగివచ్చిన ప్రకాశ్ 1921లో 'భీష్మప్రతిజ్ఞ' తీసి, అందులో భీష్ముడిగా తానే నటించారు. తండ్రి కోసం రాజ్యాన్ని వదులుకున్న కొడుకు కథతో, తండ్రి వ్యాపారాన్ని అందుకున్న కొడుకు చేతుల మీదుగా తెలుగువారి సినిమా ఆరంభమైంది. అయితే వెంకయ్య కొడుక్కు ఇచ్చింది కీర్తి కాదు. యంత్రాల గురించిన జ్ఞానం, దానికి కావలసిన పెట్టుబడి. వారి సంస్థ 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' ఎక్కువకాలం నిలవలేదు. తర్వాతి తరానికి ఆ ఇంటిపేరు టిక్కెట్లు అమ్మే పేరు కాలేదు.

3. తల్లుల వెంట వచ్చిన కూతుళ్ళు

నాటకంనుంచి సినిమాకు వచ్చిన మరొక వారసత్వం తల్లినుంచి కూతురికి చేరేది. కళావంతుల కుటుంబాలలో సంగీతనృత్యాలు స్త్రీల ద్వారా సంక్రమించేవి. ఇంటిని నిలబెట్టే సంపాదన కూడా వారిదే. 1947 మద్రాసు దేవదాసీ చట్టానికి ముందే ఆ కుటుంబాలనుంచి పలువురు గ్రామఫోను రికార్డులకూ నాటకాలకూ టాకీలకూ వచ్చారు. ఆ నేపథ్యం లేని నటీమణుల ఇళ్ళలోనూ సినిమా రంగం ఇదే నమూనాను పునరావృతం చేసింది. తల్లి సంపాదన తగ్గే వేళకు కూతురు అందుకోవడం అనే పద్ధతి అది.

పుష్పవల్లి, రేఖల జీవితాలు దీనికి స్పష్టమైన ఉదాహరణ. పశ్చిమగోదావరి జిల్లా పెంటపాడుకు చెందిన పుష్పవల్లి 'సంపూర్ణ రామాయణం' (1936)లో బాల సీతగా తెర మీదికి వచ్చారు. తానూ బాల్యంలోనే పని మొదలుపెట్టిన మనిషి. ఆమె, నటుడు జెమినీ గణేశన్‌ల కుమార్తె భానురేఖ 'ఇంటిగుట్టు' (1958)లో పసిపిల్లగా, బి.ఎన్.రెడ్డి 'రంగులరాట్నం' (1966)లో బాలనటిగా కనిపించారు. తండ్రి తమిళ తెర మీద అగ్రకథానాయకుడైనా, బాల్యంలో ఆయన పేరు ఆమెకు అండగా నిలవలేదు. ఇంటి ఆర్థిక ఇబ్బందుల వల్ల చదువు మానుకొని, ఇష్టం లేకపోయినా నటనలోకి వచ్చానని రేఖ తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. 1970లో 'సావన్ భాదోఁ'తో హిందీలో కథానాయిక అయ్యేనాటికి ఆమెకు పదహారేళ్ళు. ప్రసిద్ధులైన తల్లిదండ్రులిద్దరి బిడ్డ అయినా ఆమె రాకకు ఏ స్టూడియో సంబరమూ లేదు.

'మాయాబజార్' (1957)లో రుక్మిణిగా నటించిన సంధ్య కుమార్తె జయలలిత విషయమూ దీనికి దగ్గరగానే ఉంటుంది. చదువులో ముందుండి, పైచదువులు కోరుకున్న అమ్మాయి కుటుంబ అవసరాల కోసం నటనకు అంగీకరించారు. 1965లో 'మనుషులు మమతలు'తో తెలుగులో అక్కినేని సరసన కథానాయిక అయ్యారు. తర్వాత రామారావు సరసన 'గోపాలుడు భూపాలుడు' (1967) వంటి చిత్రాలలో నటించారు.

ఈ ఇద్దరి విజయాలు అసాధారణమైనవి కాబట్టి వారి ప్రవేశంలోని బలవంతం మరుగున పడింది. వారి పక్కన నటించిన కథానాయకుల ఇళ్ళలో అదే దశాబ్దంలో పెరుగుతున్న కొడుకుల బాల్యాన్ని చూస్తే తేడా తెలుస్తుంది.

4. తెర మీద పెరిగిన బాల్యం

'శ్రీకృష్ణావతారం' (1967)లో పెద్ద కృష్ణుడు రామారావు. బాలకృష్ణుడి వేషం ఆయన కుమారుడు హరికృష్ణది. 'అల్లూరి సీతారామరాజు' (1974)లో పెద్ద రామరాజు కృష్ణ. చిన్ననాటి రామరాజు ఆయన పెద్దకుమారుడు రమేశ్‌బాబు. రెండు చోట్లా కనిపించేది ఒకే యుక్తి. ఒకే పాత్రలో కొడుకు పెరిగి తండ్రి అవుతాడు. పోలికలు కలుస్తాయన్న సదుపాయం కోసమే ఈ పాత్రల ఎంపిక జరిగి ఉండవచ్చు. దాని ఫలితం మాత్రం సదుపాయాన్ని మించిపోయింది. ఆ పిల్లవాడే రేపటి నాయకుడన్న ఊహను ప్రేక్షకుడు మాటల అవసరం లేకుండానే నేర్చుకున్నాడు. పౌరాణికం, స్వాతంత్ర్యవీరుని చరిత్ర వంటి గౌరవప్రదమైన కథలలో ఇది జరగడం మరింత బలాన్నిచ్చింది.

రామారావు ఈ పద్ధతిని అందరికంటె ఎక్కువగా వాడుకున్నారు. తాను దర్శకత్వం వహించిన 'తాతమ్మకల' (1974)లో పధ్నాలుగేళ్ళ బాలకృష్ణను తెరకు పరిచయం చేశారు. హరికృష్ణ కూడా ఆ చిత్రంలో ఉన్నారు. తాతమ్మ భానుమతి. 'దానవీరశూర కర్ణ' (1977)లో హరికృష్ణ అర్జునుడు, బాలకృష్ణ అభిమన్యుడు. అన్నదమ్ములు తెర మీద తండ్రీకొడుకులయ్యారు. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మాత్రం తండ్రే. నిర్మాత, దర్శకుడు, మూడు ప్రధానపాత్రల నటుడు ఒక్కరే అయిన ఆ చిత్రం కొడుకులకు పాఠశాల వంటిది. ఒకరకంగా ఇది సురభి పద్ధతే. అయితే సురభిలో పిల్లవాడు సమాజంలో ఒకడవుతాడు. ఇక్కడ పిల్లవాడు ఒక మహానటుడి కొడుకుగానే గుర్తుంటాడు.

కృష్ణ రెండవ కుమారుడు మహేశ్‌బాబు నాలుగేళ్ళ వయసులో దాసరి నారాయణరావు 'నీడ' (1979)లో కనిపించారు. ఆ తర్వాత 'పోరాటం' (1983), 'శంఖారావం' (1987), 'కొడుకు దిద్దిన కాపురం' (1989) వంటి చిత్రాలతో 1990 వరకు బాలనటుడిగానే తనకంటూ ప్రేక్షకులను సంపాదించుకున్నారు. 'కొడుకు దిద్దిన కాపురం' కృష్ణ దర్శకత్వంలోనిది. అందులో పిల్లవాడిది ద్విపాత్రాభినయం. ఆ వయసులో ద్విపాత్రాభినయం ఇవ్వడమంటే బాలనటుణ్ణి అప్పటికే కథానాయకుడిగా లెక్కించడమే. తర్వాత చదువు కోసం దాదాపు తొమ్మిదేళ్ళ విరామం. 1999లో 'రాజకుమారుడు'. అక్కినేని నాగార్జున 'వెలుగునీడలు' (1961)లో పసివాడు. ఆయన కుమారుడు అఖిల్ 'సిసింద్రీ' (1995)లో ఏకంగా శీర్షిక పాత్రధారి, అప్పటికింకా మాటలు కూడా సరిగా రాని వయసు. రామారావు మరణించిన మరుసటి ఏడాది, 1997లో, గుణశేఖర్ పిల్లలతోనే తీసిన 'బాలరామాయణం'లో రాముడి వేషం వేసింది ఆయన మనుమడు, అదే పేరుగల తారక రామారావు.

ఈ పిల్లలలో కొందరు పెరిగిన ఊరు మద్రాసు. తండ్రులు కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెలనుంచి పద్యం, యాస, రైతు నడక వెంటబెట్టుకొని వచ్చారు. ఆ కొడుకులు ఆంగ్లమాధ్యమంలో చదివి, తమిళం వినిపించే వీధుల్లో పెరిగి, తెలుగును ఇంట్లోనూ సెట్టు మీదా నేర్చుకున్నారు. మహేశ్‌బాబు తెలుగు చదవడం, రాయడం రాక సంభాషణలను విని గుర్తుపెట్టుకొని చెబుతారన్నది బహిరంగంగా తెలిసిన విషయమే. రాతప్రతిని ఆశ్రయించకుండా చెవితో నేర్చుకోవడం రంగస్థల కళాకారులకు కొత్తేమీ కాదు. అయినా తెలుగు కోట్లమందికి వినిపించే గొంతు ఆ లిపికి దూరంగా పెరగడం మద్రాసులోని తెలుగు సినిమా గురించి మనకేదో చెబుతుంది. భాషాచరిత్ర పరిశోధకులు దీనిని ఇంకా పట్టించుకోవలసి ఉంది.

5. 1984–1987: ఆస్తిగా మారిన పేరు

బాలవేషాలు ఊహను సిద్ధం చేశాయి. దానిని వ్యవస్థగా మార్చినవి వేరే కారణాలు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించిన రామారావు 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. తెలుగు సినిమాకు మూడు దశాబ్దాలుగా కేంద్రంగా ఉన్న స్థానం ఒక్కసారిగా ఖాళీ అయింది. అదే కాలానికి పరిశ్రమ మద్రాసునుంచి హైదరాబాదుకు తరలుతోంది. 1970ల మధ్యనుంచి అన్నపూర్ణ, రామకృష్ణ, పద్మాలయ వంటి స్టూడియోలను నటకుటుంబాలే హైదరాబాదులో నిర్మించాయి. విజయ, వాహినీల కాలంలో స్టూడియో నిర్మాతది, నటుడు అక్కడ పనిచేసేవాడు. ఇప్పుడు నటుడే యజమాని. యజమానికి వారసుడు కావాలి. కట్టడాలు, యంత్రాలు, అప్పులు ఉన్నచోట నటన ఒక్కటే వారసత్వం కాదు.

మూడవ కారణం పంపిణీ పద్ధతి. నైజాం, సీడెడ్, ఆంధ్ర అని విడదీసిన ప్రాంతాల బయ్యర్లు చిత్రం పూర్తికాకముందే అడ్వాన్సులు ఇచ్చేవారు. విజయవాడ గాంధీనగరంలోని పంపిణీ కార్యాలయాలలో చిత్రానికి ధర పలికేది కథను బట్టి కాదు, హీరో పేరును బట్టి. కొత్తవాడికి ఆ పేరు ఉండదు. వారసుడికి తొలి చిత్రం మొదలుకాకముందే ఉంటుంది. దానికి తోడు ఊరూరా సిద్ధంగా ఉన్న అభిమాన సంఘాలు. వారసుడి తొలిచిత్రానికి తోరణాలు కట్టేవారు అప్పటికే తండ్రి చిత్రాలకు ఇరవై ఏళ్ళుగా కడుతున్నవారు. వ్యాపారపరంగా చూస్తే వారసుడంటే నష్టభయం తగ్గిన కొత్తవాడు.

ఈ మూడూ కలిసిన ఫలితం నాలుగేళ్ళలో కనిపించింది. బాలకృష్ణకు 1984లో 'మంగమ్మగారి మనవడు' ఘనవిజయం సాధించిపెట్టింది. తీసింది సొంత సంస్థ కాదు, బయటి నిర్మాత. అంటే ఇంటిపేరు విలువను బజారు ఒప్పుకుంది. అందులోనూ మంగమ్మగా కనిపించింది భానుమతే. 1986 మేలో అన్నపూర్ణ సంస్థ 'విక్రమ్'తో నాగార్జునను, ఆగస్టులో సురేశ్ సంస్థ 'కలియుగ పాండవులు'తో వెంకటేశ్‌ను పరిచయం చేశాయి. 1987లో రమేశ్‌బాబు 'సామ్రాట్'. తెలుగు ప్రేక్షకుడు ఈనాటికీ వారసులనగానే తలచుకొనే తరం అంతా ఆ కొద్దికాలంలో వచ్చినదే.

బిరుదులను చూసినా ఇదే తెలుస్తుంది. తండ్రి 'నటసామ్రాట్' అయితే కొడుకు 'యువసామ్రాట్'. 'నటసార్వభౌమ' కుమారుడు 'యువరత్న'. చిత్రాల పేర్లు 'సామ్రాట్', 'రాజకుమారుడు'. సంస్థానాలు రద్దయిన దేశంలో పట్టాభిషేకపు పదజాలం సినిమా గోడపత్రికల మీద మళ్ళీ మొలిచింది. దీనిని కేవలం అతిశయోక్తిగా కొట్టివేయలేము. కొడుకు హక్కును సహజమైనదిగా చూపడమే ఆ పదజాలం చేసిన పని.

సంస్థల పేర్లలోనూ కొడుకులున్నారు. భానుమతి, రామకృష్ణారావు దంపతులు కుమారుని పేరుతో భరణి స్టూడియో స్థాపించారు. ఆ కుమారుడు వైద్యుడయ్యారు. రామానాయుడు 1964లో 'రాముడు భీముడు'తో ప్రారంభించిన సురేశ్ ప్రొడక్షన్స్‌కు పెద్దకుమారుని పేరు పెట్టారు. ఆ కుమారుడు సంస్థను నడిపారు, చిన్నకుమారుడు దాని కథానాయకుడయ్యారు, మనుమడు రానా 2010లో 'లీడర్'తో వచ్చారు. ఒక తరం తేడాలో పిల్లల పేరు స్టూడియోకు పెట్టడమన్న మురిపెం వ్యాపార ప్రణాళికగా మారిపోయింది.

అయితే పుట్టుక ఒక్కటే సరిపోలేదు. రమేశ్‌బాబు పదేళ్ళలో నటన విరమించి, తర్వాత 'అర్జున్' (2004) వంటి చిత్రాలతో తమ్ముడికి నిర్మాత అయ్యారు. ఒకే ఇంట్లో, ఒకే శిక్షణతో, ఒకే అభిమానగణం ముందు నిలిచిన అన్నదమ్ములలో ఒకరు నిలిచి ఒకరు తప్పుకోవడం వంశమే సర్వమనే వాదాన్ని సడలిస్తుంది. మరొకవైపు, ఈ ఆస్తి కథానాయకుల ఇళ్ళకే పరిమితం. ప్రతినాయకుడిగా ఒక యుగాన్ని శాసించిన రావు గోపాలరావు కుమారుడు రావు రమేశ్‌కు అట్టహాసమైన పరిచయ చిత్రమేదీ లేదు. టెలివిజన్ ధారావాహికల మీదుగా వచ్చి, 2008లో 'గమ్యం', 'కొత్త బంగారు లోకం' చిత్రాల తర్వాతనే గుర్తింపు పొందారు. తండ్రి మరణించి అప్పటికి పద్నాలుగేళ్ళు. బయ్యర్లు కొనేది హీరో పేరునే గనుక విలన్ పేరుకు వారసత్వ విలువ లేకపోయింది.

6. అదే ఇంట్లో పెరిగిన కూతుళ్ళు

తొలితరం నటీమణుల కూతుళ్ళు తప్పనిసరై తెర మీదికి వస్తే, అగ్రకథానాయకుల కూతుళ్ళు కోరుకున్నా రాలేకపోయారు. కృష్ణ కుమార్తె మంజుల అనుభవం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1990లలో ఆమె కథానాయికగా ఒక చిత్రానికి సిద్ధమైనప్పుడు తండ్రి అభిమానులు తీవ్రంగా వ్యతిరేకించారు. ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఆ బాధను ఆమె తర్వాత బహిరంగంగానే చెప్పుకున్నారు. తన అన్నకు తోరణాలు కట్టిన వారే తనను అడ్డుకున్నారు.

ఈ వ్యతిరేకతను ఛాందసమని మాత్రమే అంటే విషయం పూర్తికాదు. తెలుగు అభిమాన సంఘాల మీద ఎస్.వి.శ్రీనివాస్ చేసిన పరిశోధన, అభిమాని విధేయుడు మాత్రమే కాదని, నటుడి మీద హక్కు ఉందని భావిస్తూ ఆ నటుడు ఎలా ఉండాలో శాసించేవాడని చూపింది. ఆ హక్కు చుట్టరికపు భాషలో వ్యక్తమవుతుంది. నటుడు అన్న, దేవుడు, ఇంటి పెద్ద. అతని కొడుకు మన యువరాజు. అతని కూతురు మన ఇంటి ఆడపిల్ల. వాణిజ్య చిత్రంలో కథానాయిక పాత్ర నిర్మాణమేమో నాయకుడి, ప్రేక్షకుడి వాంఛ చుట్టూ అల్లినది. ఇంటి ఆడపిల్లను ఆ స్థానంలో చూడలేమన్నది అభిమాని అభ్యంతరం. ఆ స్థానంలో ఉన్న ఇతర స్త్రీల గౌరవం గురించి ఆ అభ్యంతరంలో మాటైనా లేదు. కథానాయికలు బొంబాయినుంచో బెంగుళూరునుంచో రావలసిన అవసరానికి ఒక మూలం ఇక్కడుంది. పుష్పవల్లి కూతురికి ఈ రక్షణ దొరకలేదు. ఆ కాలంలో ఆమెను 'మన ఇంటి ఆడపిల్ల' అన్న అభిమాన సంఘమేదీ లేదు.

మంజుల మొదట మలయాళంలో 'సమ్మర్ ఇన్ బెత్లెహెమ్' (1998)లో కనిపించారు. తర్వాత సొంత సంస్థ స్థాపించి, నీలకంఠ దర్శకత్వంలో రెండే పాత్రలతో 'షో' (2002) నిర్మించి అందులో నటించారు. దానికి ఉత్తమ తెలుగు చిత్రంగాను, ఉత్తమ స్క్రీన్‌ప్లేకుగాను జాతీయ పురస్కారాలు లభించాయి. ఆమెకు దక్కిన దారి నిర్మాతగా మారి, అభిమానుల ఆమోదం అక్కరలేని చిన్న చిత్రాన్ని తానే నిర్మించుకోవడం. మోహన్‌బాబు కుమార్తె మంచు లక్ష్మి అమెరికా టెలివిజన్‌లో పనిచేసి వచ్చి, 'అనగనగా ఓ ధీరుడు' (2011)లో ప్రతినాయిక పాత్రతో తెలుగు తెరకు పరిచయమయ్యారు. ఇద్దరి దారిలోనూ కథానాయిక స్థానం పక్కకు తప్పుకుంది.

ఇది కేవలం తెలుగువారి సమస్య కాదు. హిందీలో కపూర్ల కుటుంబం ఆడపిల్లలను తెరకు దూరంగా ఉంచిందని ప్రసిద్ధి. ఆ ఆనవాయితీ తప్పించి వచ్చిన కరిష్మా కపూర్ తొలి చిత్రం 'ప్రేమ్ ఖైదీ' (1991). అది తెలుగు 'ప్రేమ ఖైదీ' (1990)కి పునర్నిర్మాణం. నిర్మాత డి.రామానాయుడు. ఒక హిందీ నటవంశపు కూతురికి తొలి అవకాశం ఇచ్చినది తెలుగు సంస్థ. అదే దశాబ్దంలో తెలుగు అగ్రనటుడి కూతురికి తెలుగులో ఆ అవకాశం దక్కలేదు. పెట్టుబడిదారుకు అభ్యంతరం లేదని, అడ్డు మరెక్కడో ఉందని చెప్పడానికి ఇంతకంటె మంచి సాక్ష్యం కష్టం.

కొడుకుల, కూతుళ్ళ దారులు ఒకే చిత్రంలో పక్కపక్కన కనిపించే సందర్భం ఒకటి ఉంది. ఇ.వి.వి.సత్యనారాయణ దర్శకత్వంలో గీతా ఆర్ట్స్ నిర్మించిన 'అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి' (1996). అబ్బాయి చిరంజీవి తమ్ముడు పవన్ కల్యాణ్. అమ్మాయి అక్కినేని నాగేశ్వరరావు మనుమరాలు సుప్రియ. ఇద్దరికీ అది తొలి చిత్రం, ఇద్దరి వెనుకా సమానమైన కీర్తి. పవన్ కల్యాణ్‌కు అది రెండు దశాబ్దాలకు పైబడిన తారాజీవితానికి మొదటి మెట్టు. సుప్రియ ఆ తర్వాత కథానాయికగా కొనసాగక, అన్నపూర్ణ స్టూడియో నిర్వహణలోకి వెళ్ళారు. ఆమె సోదరుడు సుమంత్ మూడేళ్ళ తర్వాత 'ప్రేమకథ' (1999)తో కథానాయకుడిగా పరిచయమయ్యారు.

అన్నపూర్ణ సంస్థ 2014 మేలో విడుదల చేసిన 'మనం' వారసత్వాన్నే కథగా చేసుకున్న అరుదైన చిత్రం. అప్పటికి నాగేశ్వరరావు మరణించి నాలుగు నెలలైంది. పునర్జన్మల కథ కావడంతో వరుసలు తారుమారవుతాయి. తాత మనుమడి పేరైన చైతన్యగా, తండ్రి తాత పేరైన నాగేశ్వరరావుగా, మనుమడు తండ్రి పేరైన నాగార్జునగా కనిపిస్తారు. తొంభై ఏళ్ళ వృద్ధుడు తన కొడుకును తండ్రిగా గుర్తుపట్టి ఆదరిస్తాడు. 'శ్రీకృష్ణావతారం'లో కొడుకు పెరిగి తండ్రి అయిన యుక్తికి ఇది తలకిందులైన రూపం. చేతులు మారుతున్న మూడు పేర్లూ మగవారివే.

సుప్రియ మళ్ళీ తెర మీద ప్రధానంగా కనిపించినది 2018లో, 'గూఢచారి' చిత్రంలో. తొలి చిత్రానికీ దానికీ మధ్య ఇరవై రెండేళ్ళు. ఈసారి ఆమె కథానాయిక కాదు, నిఘా సంస్థ అధికారిణి.